ఓబద్యా, దానియేలు: ఇద్దరిదీ విశ్వాసమే అయితే గీత ఎక్కడ?

అందరికీ వందనాలు. మా సంఘంలో యువతకు బైబిల్‌లోని దానియేలు గ్రంథం చెబుతున్నాను (దానియేలు బబులోనుకు చెరగా వెళ్లి రాజుల కొలువులో పనిచేసిన యూదుడు). ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను, తెలిసినవాళ్లు సాయం చేయండి.

6వ అధ్యాయంలో 30 రోజుల పాటు రాజుకు తప్ప ఎవరికీ మనవి చేయకూడదని శాసనం వచ్చింది. దానియేలు కిటికీలు మూసుకుని మనసులో ప్రార్థించి ఉండవచ్చు కదా? అలా చేయలేదు. యెరూషలేము వైపు కిటికీలు తెరిచి, ఎప్పటిలాగే రోజుకు మూడుసార్లు మోకాళ్లూనాడు. 3వ అధ్యాయంలో, దూరా మైదానంలో దానియేలు స్నేహితులు ముగ్గురైతే (షద్రకు, మేషాకు, అబేద్నెగో) దేవుడు రక్షించకపోయినా రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కేది లేదని రాజు ముఖం మీదే చెప్పేశారు.

కానీ 1 రాజులు 18లో ఓబద్యా ఇశ్రాయేలు రాజు అహాబు ఇంట్లోనే ఉద్యోగం చేస్తూ, ప్రవక్తలను చంపిస్తున్న రాణి యెజెబెలుకు తెలియకుండా 100 మంది ప్రవక్తలను గుహల్లో దాచి అన్నం పెట్టాడు. బైబిల్ అతన్ని తప్పుపట్టలేదు, బహు భయభక్తులు గలవాడనే అంటోంది. 2 రాజులు 5లో సిరియా సైన్యాధిపతి నయమాను సంగతి నాకు ఇంకా కష్టం. యెహోవాను నమ్మాక కూడా, రిమ్మోను అనే సిరియా దేవుడి గుడిలో రాజుతో పాటు వంగాల్సి వస్తుంది, క్షమాపణ దొరకాలి అని అతను అంటే ప్రవక్త ఎలీషా సమాధానంతో పంపేశాడు.

దానియేలు కూడా బబులోనువాళ్లు పెట్టిన పేరుకు, చదువుకు అడ్డు చెప్పినట్టు లేదు, రాజు భోజనం దగ్గరే కాదన్నాడు. ఎందుకు అక్కడే?

నయమాను కొత్తగా నమ్మినవాడు కాబట్టి అని ఒక వివరణ విన్నాను. నాకు అది చాలదనిపిస్తోంది, ఓబద్యా చిన్నప్పటినుంచీ భక్తుడే కదా. ఆఫీసుల్లో పైవాళ్ల ఒత్తిడి పడుతున్న పిల్లలు నిజంగా టెన్షన్‌తో అడుగుతున్నారు. ఎప్పుడు మౌనంగా పనిచేయవచ్చు, ఎప్పుడు బయటపడి కాదనాలి? వాక్యాధారంతో చెప్పగలరా?