జపాన్, ఆస్ట్రేలియాలతో మనం గట్టిగా ముడిపడాలా?

తూర్పుతీరం: 2024 అక్టోబరులో మన నేవీ, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా నేవీలు కలిసి చేసే మలబార్ విన్యాసాలు మన విశాఖలోనే జరిగాయి. జపాన్, ఆస్ట్రేలియా రెండూ అమెరికాకి ఒప్పందం ఉన్న మిత్రదేశాలే. అయినా అమెరికానొక్కదాన్నే నమ్ముకోవట్లేదు. 2022 జనవరిలో ఒకరి సైన్యం మరొకరి దేశానికి రావడానికి ఒప్పందం రాసుకున్నాయి. 2025 ఆగస్టులో ఆస్ట్రేలియా జపాన్ మొగామి యుద్ధనౌకల్ని ఎంచుకుంది. మనమూ వాళ్లతో అలాగే ముడిపడాలి.

కురుసుర71: 1971 యుద్ధంలో మనల్ని బెదిరించడానికి ఎంటర్‌ప్రైజ్ అనే విమానవాహక నౌకని బంగాళాఖాతంలోకి పంపిందెవరండీ?

తూర్పుతీరం: అమెరికా. నేనడిగింది జపాన్, ఆస్ట్రేలియాల గురించి.

కురుసుర71: వాళ్లు ఎవరి మనుషులు? మా నాన్న సబ్‌మెరైన్‌లో చేశారు. బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ ఎక్కి చూడండి, గది నుంచి గదికి గుండ్రటి కంతలోంచి వంగి దూరాలి. అది ఇచ్చింది సోవియట్ వాళ్లు. ఎంటర్‌ప్రైజ్ సంగతికి జవాబు రాలేదు.

గాజువాక: 2007లో లెఫ్ట్ వాళ్లు కోల్‌కతా, చెన్నైల నుంచి విశాఖకి జాతాలు తీసింది కూడా ఈ మలబార్ మీదే.

రొయ్యలచెరువు: 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. జపాన్‌కి 15. నా చెరువు పట్టుబడికొచ్చిన వారమే కొనేవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. మిత్రులమై ఉంటే నాకీ గతి పట్టేదా?

కురుసుర71: ఆ 15 కోసం జపాన్ 550 బిలియన్ డాలర్ల పెట్టుబడికి ఒప్పుకుంది బాబూ. దాన్ని కప్పం అంటారు.

జాలారిపేట: విన్యాసాలప్పుడు వేటకెళ్లొద్దని కబురొస్తది. బోటు కట్టేసిన రోజులకి మాకెవరూ రూపాయి ఇవ్వలేదు. ఆ సంగతి ఒక్కరూ ఎత్తరేటి?

తూర్పుతీరం: జాలారిపేట గారూ, మీకు పరిహారం ఇవ్వాల్సిందే. కురుసుర గారూ, యాభై ఏళ్లనాటి ఓడ పట్టుకుని ఇంకెన్నాళ్లు? అసలు మీ భయమేంటో చెప్పండి.

కురుసుర71: చెప్తా. వాళ్లిద్దరికీ చుట్టూ సముద్రం. చైనాతో నేల సరిహద్దు ఉన్నది మనకి. గల్వాన్‌లో 20 మంది మన జవాన్లు పోయారు. రేపు మళ్లీ కొండల మీద కాల్పులు మొదలైతే ఈ ఓడలవాళ్లు ఒక్కరూ రారు. మనం, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా కలిసి కట్టిన క్వాడ్ జట్టుని 2008లో చైనా మొహం చూసి ఆస్ట్రేలియా వదిలేసి పోలేదా?

తూర్పుతీరం: పోయింది, ఒప్పుకుంటా. 2020లో వాళ్ల బార్లీ మీద, వైన్ మీద చైనా సుంకాలు వేసింది. ఆ ఏడాదే మలబార్‌కి తిరిగొచ్చారు, మొదటి విడత మన విశాఖ దగ్గరే. కొండ మీదకి వాళ్లొస్తారని నేననను. సముద్రంలో చైనాకి కాలు నిలవకుండా చేస్తే, కొండ మీద మనవాడికి అంత బరువు తగ్గుతుంది. నేనడిగేది అదే.

కురుసుర71: తగ్గుతుందో, కోపం రేగి పెరుగుతుందో. నాకు నమ్మకం లేదండీ.