బర్మింగ్‌హామ్‌లో కట్టెల పొయ్యి: ఎకోడిజైన్ గుర్తు ఉంటే చాలా?

ప్రశ్న:
మా ఇల్లు పొగ నియంత్రణ ప్రాంతంలో ఉంది. గుంటూరు నుంచి వచ్చిన అమ్మ సాయంత్రాలు శాలువా కప్పుకున్నా వణుకుతోంది. ముందు గదిలో కట్టెల పొయ్యి పెట్టించాలి. గది పదిహేను అడుగుల పొడవు, పన్నెండు వెడల్పు. దుకాణంలో ఎకోడిజైన్ గుర్తున్న 8 కిలోవాట్ల పొయ్యి చూపించారు. తీసుకోవచ్చా?

జవాబు:
తొందరపడకండి. ఎకోడిజైన్ 2022 నుంచి కొత్త పొయ్యిలన్నిటికీ వర్తించే ఉద్గారాల, సామర్థ్య ప్రమాణం, అదొక్కటే చాలదు. మీ ప్రాంతంలో కట్టెలు కాల్చాలంటే ఆ మోడల్ డెఫ్రా (బ్రిటన్ పర్యావరణ శాఖ) మినహాయింపు జాబితాలో ఉండాలి. అలాంటి వాటిలో చాలావరకు పై గాలి ద్వారం పూర్తిగా మూసుకోదు, అందుకే మంట గాలి ఆడక పొగలు కక్కదు. అక్కడ పొగ వదిలితే 300 పౌండ్ల దాకా జరిమానా. పైగా 8 కిలోవాట్లు మీ గదికి చాలా ఎక్కువ, నాలుగు చాలు. వేడి భరించలేక గాలి తగ్గిస్తారు, పొగ మొదలవుతుంది.

మరో జవాబు:
పొయ్యి ఎంత మంచిదైనా కట్టె తడిదైతే ఫలితం లేదండి. మొదటి చలికాలం చవకగా దొరికిందని ఒక బస్తా కొన్నాను. కట్టె చివర బుస్సుమంటూ నురగ కట్టింది, సాయంత్రానికి అద్దం తారు పూసినట్టు నల్లబడింది. మర్నాడు ఒక దుంగ చీల్చి, లోపలి ముఖానికి తేమ మీటరు సూదులు గుచ్చితే 31 చూపించింది. 20 శాతం లోపే ఉండాలి. తగినంత ఎండిన కట్టెకు ఇచ్చే ‘రెడీ టు బర్న్’ ముద్ర చూసి కొనండి. విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం తప్పనిసరి, అమ్మగారు కూర్చునే గది కదా.