కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి వట్టికాళ్లతోని ఉరకాల్నా, షూ ఏసుకోవాల్నా?

నకిరేకల్_పిలగాడు: అన్నలు ఒక డౌటు. 1600 మీటర్లు ప్రాక్టీస్ చేస్తున్న, 7:40 వస్తుంది, 2022 నోటిఫికేషన్ల 7:15 పెట్టిండ్రు కదా. మా దోస్తేమో షూ ఇడిసి ఉరుకు అంటుండు, నాకేమో మోకాలి చిప్ప కాడ నొస్తుంది, ఏం చెయ్యాలె?

పాలమూరోడు: ఇడ్సెయ్ తమ్మీ. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ల అబెబె బికిలా వట్టికాళ్లతోనే గెలిచిండు, 2 గంటల 15 నిమిషాలు. మా తాత ఏ షూ ఏసుకొని గొర్లెనక తిరిగిండు?

దేవరకొండ_డ్రిల్‌మాస్టర్: గదే బికిలా 1964 టోక్యోల షూ ఏసుకొని 2:12 కొట్టిండు, గది చెప్పవేంది మరి?

పాలమూరోడు: సరే, లీబర్‌మాన్ అనే అమెరికా సైంటిస్టు 2010ల నేచర్ పత్రికల రాసింది కూడ అబద్ధమేనా? చిన్నప్పట్నుంచి వట్టికాళ్లతోని ఉరికే కెన్యా పోరలు ఎక్కువగ ముందుపాదం ఆనిస్తరు, మడమతోని గుద్దరు, అందుకే నేల తాకంగనే వచ్చే ఆ దెబ్బ వాళ్లకు పడది.

దేవరకొండ_డ్రిల్‌మాస్టర్: "చిన్నప్పట్నుంచి" అన్నవ్ చూడు, కథంతా ఆడనే ఉంది. ఈ పిలగాడు ఒక్క నెలలనే అలవాటు మార్చుకుంటే ఆ బరువు మాయమైతదా, మోకాలికెళ్లి పిక్కల మీదికి, మడమ ఎనక నరం మీదికి దిగుతది. మా గ్రౌండ్‌ల ఒకడు గట్లనే షూ ఇడిసి రెండో వారానికి మెట్లు పక్కకు తిరిగి దిగుడు మొదలువెట్టిండు. తమ్మీ, నువ్వు ఉరుకుతుంటే పక్కకెళ్లి వీడియో తీపిచ్చుకో. పాదం మోకాలికన్నా ముందట పోయి దబ్బున పడుతుందంటే అంగలు పెద్దగేస్తున్నవ్ అన్నట్టు. నిమిషానికి అడుగులు లెక్కవెట్టు, 160 ఉంటే 170 చెయ్, అంగ చిన్నగైతది, మోకాలు మీద బరువు తగ్గుతది, షూ ఉన్నా లేకున్నా.

కోదాడ_చెల్లె: మా ఊరి గ్రౌండంతా పల్లేరుగాయలే, వట్టికాళ్లు అనేటోళ్లు ఒకసారి వచ్చి ఉరికి చూపియ్యుండ్రి.

పాలమూరోడు: షూ బరువు ముచ్చట ఎవ్వలు ఎత్తుతలేరు. ఒక్కో షూ 100 గ్రాములు పెరిగితే దగ్గరదగ్గర 1 శాతం శక్తి ఎక్కువ ఖర్చైతది.

దేవరకొండ_డ్రిల్‌మాస్టర్: ఒప్పుకుంట. 1 శాతం మొత్తం టైములనే తగ్గిందనుకున్నా 7:40ల 5 సెకన్లు గూడ రావు, పిలగానికి కావల్సింది 25. తమ్మీ, మొదటి రౌండు ఎంతల కొడుతున్నవ్? 400 మీటర్ల ట్రాక్ అయితే రౌండుకు 1:48 చాలు.

నకిరేకల్_పిలగాడు: 1:30 అన్నా. ఆఖరి రౌండు నడుస్తున్న.