పొందూరు ఖద్దరు ఫొటోల్లో రంగు అలలు (మోరే): లెన్సా, సెన్సరా?

శ్రీకాకుళంలో ఆన్‌లైన్ అమ్మకానికి పొందూరు పంచెల ఫొటోలు తీస్తున్నాను. నూలు మరీ సన్నం. తెల్లటి బట్ట మీద లేత గులాబీ, ఆకుపచ్చ చారలు అలల్లా వస్తున్నాయి. కొనేవాళ్లు అది బట్ట మీద మరక అనుకుంటున్నారు. నేసినవాళ్ల పనికి ఆ మాట రావడం నాకు చాలా బాధగా ఉంది.

కెమెరా 24 మెగాపిక్సెల్, ఏపీఎస్-సి సైజు సెన్సర్, లో-పాస్ ఫిల్టర్ (మరీ సన్నని వివరాలను కాస్త మసకచేసి ఇలాంటి అలలను తగ్గించే, సెన్సర్ ముందుండే పొర) లేదు. 50 ఎంఎం లెన్స్, ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, ట్రైపాడ్, రా ఫైల్. మీటరున్నర దూరం నుంచి తీస్తే అలలు వస్తాయి, 60 సెంటీమీటర్లకు జరిగితే పోతాయి, కానీ అప్పుడు పంచె మొత్తం ఫ్రేములో పట్టదు. 100 శాతం జూమ్‌లోనూ కనిపిస్తున్నాయి కాబట్టి స్క్రీన్ తప్పు కాదు.

సెన్సర్ పిక్సెళ్ల మీద ఉండే, కొడాక్‌లో బ్రైస్ బేయర్ కనిపెట్టిన రంగుల ఫిల్టర్‌లో (పేటెంట్ 1976) సగం పిక్సెళ్లు ఆకుపచ్చకు, ఎరుపు, నీలాలకు పావు చొప్పున మాత్రమే. అందుకే పోగులు సన్నబడేకొద్దీ ముందు రంగే దారి తప్పుతోందని నాకు అర్థమైంది.

కెమెరా కోణం మార్చాను, అలలు పక్కకు జరిగాయంతే. ఎఫ్/16 పెడితే తగ్గాయి, కానీ పోగు మసకబారింది, ఖద్దరు మిల్లు బట్టలా కనిపిస్తోంది. ఎడిటింగ్‌లో మోరే బ్రష్ వాడితే తెలుపు బాగుపడింది గానీ ఎర్ర అంచు వెలిసిపోయింది, వెలుగునీడల చారలు అలాగే ఉన్నాయి.

ఈ కెమెరాతోనే దగ్గరనుంచి ముక్కలుగా తీసి, అతికించి, సైజు తగ్గిస్తే అలలు మళ్లీ రాకుండా ఉంటాయా, లేక లో-పాస్ ఫిల్టర్ ఉన్న కెమెరాకు మారక తప్పదా?