దానిమ్మ తొక్క కషాయం ఎవరైనా వాడారా? (వీధంతా విరేచనాలు)

పెరటితోట:
వానలు మొదలైన దగ్గర్నుంచి మా కుళాయి నీళ్లు ఎర్రగా వస్తున్నాయి. మా వరసలో నాలుగిళ్లలో ఇదే గోల. మా ఆయనకు మూడు రోజులుగా జిగట విరేచనాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి. నాలుగేళ్ల బాబుకి నిన్న రాత్రి నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి. అత్తగారు దానిమ్మ తొక్క కషాయం పట్టమంటున్నారు. కొలత ఎంతో చెప్పండి.

కోనసీమ కోడలు:
నేను తాగాను అక్కా. గుప్పెడు ఎండు తొక్క, రెండు గ్లాసుల నీళ్లు, ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించాలి. డికాషన్ రంగు వస్తుంది. వగరుకి నాలుక చెక్కలా బిగుసుకుపోతుంది. రెండో రోజుకి నాకు విరేచనాలు తగ్గాయి, నొప్పి మాత్రం పోలేదు. ఐదో రోజు మోషన్ టెస్టులో అమీబా అని తేలింది. అంటే కషాయం బయటికి కనిపించేది ఆపింది, పురుగు లోపలే ఉంది. బాబుకి మాత్రం పట్టకండి.

పాలమూరు పోరడు:
మా దిక్కు మారేడు. పండింది కాదు, దోరకాయ. పండితే అదే విరేచనకారి, చాలామందికి ఈ తేడా తెల్వదు. మా తాత కొడిసెపాల చెక్క మజ్జిగలో నూరి ఇస్తుండె. ఆయుర్వేదం షాపుల్లో దొరికే కుటజారిష్టం దానితో చేసిందే. చేదుకి సగం రోగం పారిపోతది!

ఊరి ఏఎన్ఎం:
ముందు బాబు సంగతి చూడండి. ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా? ఆరు గంటల్లో ఒకసారైనా ఉచ్చ పోశాడా? పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే వెంటనే సర్దుకుంటోందా? వీటిలో ఏ ఒక్కదానికి ‘లేదు’ అన్నా, లేదా మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, రక్తం పడినా ఆసుపత్రికే. ఈ గుర్తులేవీ లేకపోతే ఓఆర్ఎస్ పొడి లీటరు నీళ్లలో మొత్తం కలపండి, సగం సగం వద్దు. పొడి లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, తల కొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు (టీ చెంచాతో). చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ. జింకు కూడా అడిగి తీసుకోండి, రోజుకి 20 మిల్లీగ్రాములు, పది నుంచి 14 రోజులు. విరేచనం ఆగినా మానొద్దు.

నిద్రలేని నాన్న:
నేను చేసిన తప్పు చెప్తా. షాపులో ‘ఓఆర్ఎస్’ అని రాసున్న తియ్యటి డబ్బా డ్రింకు మా పాపకి రోజంతా పట్టాను, విరేచనాలు ఇంకా పెరిగాయి. అందులో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువట. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోట్లాడింది దీని మీదే. 2025 అక్టోబరులో ఇలాంటి డ్రింకులకి ‘ఓఆర్ఎస్’ అన్న పేరు వాడకూడదని ఆర్డరొచ్చింది.

ఇంగువ:
మా అమ్మమ్మ కాలంలో ఓఆర్ఎస్ ఉందా అండీ? పదిమందిని పెంచింది.

ఊరి ఏఎన్ఎం:
గంజిలో ఉప్పేసి తాగించేది కదా అండీ మీ అమ్మమ్మ? దారి అదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వస్తే, సెలైన్ సరిపోక డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి దిగాయి.

పెరటితోట:
అందరికీ థ్యాంక్స్. బాబు రాత్రి రెండుసార్లు ఉచ్చ పోశాడు, పొద్దున్నే ఇడ్లీ అడిగాడు. మా ఆయనకు టెస్టులో అమీబానే. మెట్రోనిడజోల్ కోర్సు అయ్యాక మిగిలిన సిస్టులు (గట్టి పెంకు కట్టుకుని ఉండే అమీబాలు) పోవడానికి ఇంకో మందు వాడాలన్నారు. మామూలు క్లోరిన్‌కి అవి చావవట, అందుకని నీళ్లు కాచే తాగుతున్నాం. ప్లంబర్ తవ్వి చూస్తే డ్రైనేజీ కాలవ పక్కనే పైపు జాయింటు ఊడిపోయి ఉంది. కాలవ పొంగినప్పుడల్లా ఆ నీళ్లే మా బిందెల్లోకి! నాలుగిళ్ల వాళ్లకీ చెప్పాం. కషాయం కాచింది కాచినట్టే ఉంటే, పారబోయడం ఇష్టంలేక అత్తగారే తాగేస్తున్నారు. ఆవిడకి అసలు విరేచనాలే లేవు.