సర్వర్ల నెట్‌బూట్‌ని కుబర్నెటిస్ కంట్రోలర్ చేతికి ఇవ్వొచ్చా?

ర్యాక్12:
మాది ఐదుగురి టీమ్. అద్దె డేటా సెంటర్లో 40 సర్వర్లున్నాయి. ఒక పాత మెషిన్ మీద డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న నెట్‌వర్క్ ప్రోగ్రామ్ పెట్టి పీఎక్స్‌ఈ (సర్వర్ డిస్క్ బదులు నెట్‌వర్క్ నుంచి బూట్ అయ్యే పద్ధతి) నడుపుతున్నాం. కొత్త సర్వర్ వచ్చిందంటే దాని మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు నంబర్) ఫైల్లో ఎక్కించాలి, బీఎంసీలోకి (సర్వర్‌ని దూరం నుంచి నడిపే చిప్) వెళ్లి నెట్‌వర్క్ బూట్ పెట్టాలి, ఇన్‌స్టాల్ అయ్యాక మళ్లీ డిస్క్‌కి మార్చాలి. అది మర్చిపోతే తర్వాతి రీబూట్‌కి ఇన్‌స్టాల్ మళ్లీ మొదలవుతుంది.

పోయిన వారం మ్యాక్‌లో 8 బదులు బి కొట్టాను. ఫైల్లో లేని మ్యాక్‌కి జవాబివ్వొద్దని మేమే పెట్టుకున్నాం కాబట్టి స్క్రీన్ మీద పీఎక్స్‌ఈ-ఈ51 తప్ప ఇంకేం రాలేదు. అంటే డీహెచ్‌సీపీ (మెషిన్లకు ఐపీ అడ్రస్ ఇచ్చేది) ఆఫర్ అందలేదని. కేబుల్ మార్చాను, స్విచ్ పోర్టు మార్చాను. రెండు గంటల తర్వాత సర్వర్‌ని ముందుకు లాగి, స్టిక్కర్ మీద నంబర్‌ని ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివితే దొరికింది.

టింకర్‌బెల్ గానీ మెటల్3 గానీ (రెండూ సర్వర్లలో ఓఎస్ వేసే టూల్స్) పెట్టి, ప్రతి సర్వర్‌నీ కుబర్నెటిస్‌లో (కంటైనర్లను చాలా మెషిన్ల మీద నడిపే సిస్టమ్) ఒక రిసోర్స్‌గా రాసేస్తే మిగతాది కంట్రోలరే చూసుకుంటుందని నేనంటున్నాను. మా సీనియర్ ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

పాతకాపు:
నేను మీ సీనియర్ వైపే. మ్యాక్ తప్పు యామల్‌లో (ఆ రిసోర్స్ రాసే ఫైల్) కూడా కొట్టొచ్చు తమ్ముడూ, దానికి కంట్రోలర్ మందు కాదు.

అసలు సంగతి వేరే. కరెంటు పోయి ర్యాకులన్నీ ఒకేసారి పడిపోయాయనుకో. సర్వర్ లేవాలంటే డీహెచ్‌సీపీ కావాలి. అదేమో పాడ్‌లో, అంటే కుబర్నెటిస్ నడిపే కంటైనర్లో ఉంది. పాడ్ లేవాలంటే ముందు సర్వర్ లేవాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు.

పైగా డీహెచ్‌సీపీ బ్రాడ్‌కాస్ట్ పాడ్ నెట్‌వర్క్‌లోకి రాదు. హోస్ట్ నెట్‌వర్క్ (మెషిన్ సొంత నెట్‌వర్క్) మీద నడపాలి, లేదా దాన్ని చేరవేసే రిలే స్విచ్‌లో పెట్టాలి. బూట్ ఫైళ్లు పంపే టీఎఫ్‌టీపీ ఇంకా మొండిది. అడగడం 69వ పోర్టులో అడుగుతాం, జవాబేమో వేరే కొత్త పోర్టు నుంచి వస్తుంది. మధ్యలో నాట్ (అడ్రస్‌లు మార్చి పంపేది) ఉందంటే, దానికి టీఎఫ్‌టీపీ సంగతి విడిగా చెప్పకపోతే ఆ జవాబు దారి తప్పుతుంది. పీఎక్స్‌ఈ-ఈ32 టైమౌట్ చూస్తూ నేను గడిపిన రాత్రులు చాలు.

కృష్ణాతీరం:
పాతకాపు అన్నా, ఇన్‌స్టాల్ అయిపోయిన సర్వర్లు డిస్క్ నుంచే లేస్తాయి కదా. మీరు చెప్పిన ముడి డిస్క్‌లేని నోడ్లకు, కొత్తగా వేసే వాటికే పడుతుంది. దానికి కూడా మందుంది: కంట్రోలర్ ఉండే క్లస్టర్ వేరు, అది బూట్ చేసే క్లస్టర్ వేరు.

నేను కంట్రోలర్ కావాలనేది టైపింగ్ తగ్గుతుందని కాదు, గుర్తుపెట్టుకునే భారం పోతుందని. ఉండాల్సిన స్థితిని, ఉన్న స్థితిని పదే పదే పోల్చి, తేడా ఉంటే సరిచేయడమే దాని పని. టింకర్‌బెల్‌లో ప్రతి సర్వర్ రిసోర్స్‌కీ నెట్‌బూట్ ఇవ్వాలా వద్దా అన్న గుర్తు ఒకటి ఉంటుంది. ఇన్‌స్టాల్ పూర్తవగానే దాన్ని ఆపేసేలా వర్క్‌ఫ్లోలో చెప్పొచ్చు. రూఫియో అనే భాగం బీఎంసీతో మాట్లాడి పవర్, బూట్ ఆర్డర్ చూసుకుంటుంది. ర్యాక్12 గారు చెప్పిన "మర్చిపోతే మళ్లీ ఇన్‌స్టాల్" భయం ఇక్కడ పోతుంది. మ్యాక్ సంగతంటారా, రెడ్‌ఫిష్ (బీఎంసీతో మాట్లాడే స్టాండర్డ్ ఏపీఐ) ఉన్న బీఎంసీని అడిగితే అదే చెబుతుంది. చేత్తో కొట్టకండి.

టీఎఫ్‌టీపీని మాత్రం వీలైనంత తక్కువ వాడండి. మామూలుగా అది 512 బైట్ల ముక్క పంపి, అందిందన్న జవాబు వచ్చాకే ఇంకో ముక్క పంపుతుంది. 60 ఎంబీ ఇమేజ్‌కి లక్షా ఇరవై వేల పైచిలుకు రాకపోకలు. ఐపీఎక్స్‌ఈ (హెచ్‌టీటీపీ తెలిసిన చిన్న బూట్ ప్రోగ్రామ్) ఒక్కటే దాని మీద పంపి, మిగతాదంతా హెచ్‌టీటీపీలో లాగించండి.

డిస్క్ భద్రం:
ఇద్దరూ బూట్ అవ్వకపోతే ఏంటన్నదే మాట్లాడుతున్నారు. బూట్ అవ్వకూడనిది బూట్ అయితే?

నా పాత కంపెనీలో మెటల్3 వాడేవాళ్లం. ఒకతను టెస్ట్ క్లస్టర్ అనుకుని అసలు క్లస్టర్లో నేమ్‌స్పేస్ (సర్వర్ రిసోర్సులన్నీ ఉన్న గుంపు) డిలీట్ చేశాడు. సర్వర్ రిసోర్స్ తీసేస్తే దాన్ని ఖాళీ చేసి పక్కన పెట్టడం ఆ టూల్ పని. అది తన పని తాను చేసింది. కన్సోల్ తెరిచి చూస్తే ఒక్కో సర్వర్ ఆగి, నెట్‌వర్క్ నుంచి లేచి, డిస్క్ మెటాడేటా తుడిచే దశకు వస్తోంది. ప్రొవిజనింగ్ వీలాన్ (ఇన్‌స్టాల్ కోసం విడిగా పెట్టిన నెట్‌వర్క్) స్విచ్‌లో కట్ చేసేలోపు ఏడు పోయాయి. డేటా బ్యాకప్ నుంచి తెచ్చుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది.

డీఎన్ఎస్‌మాస్క్ ఫైల్లో ఒక లైన్ తప్పు తీసేస్తే ఒక సర్వర్ బూట్ అవ్వదు, అంతే. కంట్రోలర్‌కి ఒక లైన్ తప్పు చెబితే అది పొల్లుపోకుండా చేసి పెడుతుంది. అందుకే నా షరతులు ఇవి: డేటా ఉన్న సర్వర్లకు ఆటోమేటెడ్ క్లీనింగ్ డిజేబుల్ చేయాలి. డిలీట్ హక్కు టీమ్‌లో అందరికీ ఇవ్వకూడదు. ప్రొవిజనింగ్ వీలాన్ పని ఉన్నప్పుడే తెరవాలి. ఇవి ఒప్పుకుంటే నేను కంట్రోలర్ వైపే. ఒప్పుకోకపోతే పాత ఫైలే నయం.

ర్యాక్12:
డిలీట్ సంగతి నేను అసలు ఆలోచించనే లేదండి. మా సీనియర్‌కి ఈ థ్రెడ్ చూపించాను. ఒక చిన్న మెషిన్‌లో యూఎస్‌బీతో ఓఎస్ వేసి, దాని మీద సింగిల్ నోడ్ కే3ఎస్ (తేలికైన కుబర్నెటిస్), టింకర్‌బెల్ పెడతాం. దాని బూట్ ఎవరి మీదా ఆధారపడదు. ముందు డేటా లేని మూడు సర్వర్లతో మొదలు. డీఎన్ఎస్‌మాస్క్ మెషిన్ అలాగే ఉంటుంది, కానీ వేరే వీలాన్‌లో.

పాతకాపు:
బాగుంది. ఒక్క పని చెయ్యి. ఆ చిన్న మెషిన్ పవర్ పీకేసి, మూడు సర్వర్లూ ఆపి ఆన్ చేసి చూడు. తర్వాత దాని డిస్క్ పోయిందనుకుని బ్యాకప్ నుంచి మొత్తం లేపి చూడు. ఎంతసేపు పట్టిందో ఇక్కడ రాయి. అది చూశాకే నా మాట మార్చుకుంటాను.

ర్యాక్12:
శనివారం చేస్తాను అన్నా. టైమ్ నోట్ చేసి పెడతాను.