చలి సాయంత్రానికి జపనీస్ చిరువంటలు: ఐదుగురికి, రెండు బర్నర్ల మీద

నిషికసాయి_నుంచి (ప్రశ్న)

శనివారం సాయంత్రం ఐదుగురు వస్తున్నారు. అసలు భోజనం మన వంటే. దానికి ముందు పెట్టేవి మాత్రం జపనీస్‌వి, అదీ పొగలు కక్కుతూ ఉండేవి కావాలి. సుషీ, సలాడ్ లాంటి చల్లటివి వద్దు. ఐదుగురిలో ఇద్దరు గుడ్డు కూడా ముట్టని శాకాహారులు. రెండు బర్నర్ల పొయ్యి ఉంది. స్టీమర్ లేదు, ఇడ్లీ పాత్ర ఉంది.

తేల్చుకోవాల్సినవి మూడు. చావన్‌ముషి (కప్పుల్లో ఆవిరి మీద ఉడికించే ఉప్పటి గుడ్డు జున్ను) చేస్తే స్పాంజిలా బొక్కలు పడి అడుగున నీళ్ళూరుతోంది, ఎందుకు? అగెదాషి టోఫుకి (వేయించి పులుసులో పెట్టే సోయా పనీర్‌కి) పట్టించిన పిండి నూనెలోనే ఊడిపోతోంది. శాకాహారులకి టోఫు కాకుండా ఇంకేం పెట్టొచ్చు?

ఆవిరికుండ

ముందు దాషి, అంటే జపనీస్ వంటలకి ఆధారమైన రసం, సంగతి. ఒక్కో వంటకి ఒక్కో దాషి కాచుకుంటూ కూర్చుంటే రాత్రి అవుతుంది. 2 లీటర్ల నీళ్ళలో 20 గ్రాముల కొంబు (ఎండు సముద్రపు పాచి) అరగంట నాననిచ్చి, సన్నసెగ మీద పెట్టండి. గిన్నె అంచున చిన్న బుడగలు లేవగానే కొంబు తీసెయ్యాలి. తెర్లనిస్తే జిగురు, సముద్రపు నీచు వాసన దిగుతాయి. ఇందులోంచి 400 మి.లీ. వేరే గిన్నెలోకి తీసి, మరిగే ముందు మంట ఆపి, 10 గ్రాముల కత్సుఓబుషి (ఎండుచేప తురుము) వేసి, రెండు నిమిషాలయ్యాక గుడ్డలో వడకట్టండి. పిండొద్దు, పిండితే చేదొస్తుంది. ఈ చేప దాషి చావన్‌ముషికి మాత్రమే. మిగతా కొంబు నీళ్ళు అందరికీ పనికొస్తాయి.

ఇక బొక్కలు. జున్ను ఉడికించేటప్పుడు మంట ఎక్కువైతే గుల్లబారి నీరు వదిలేస్తుంది కదా, ఇదీ అంతే. గుడ్డూ దాషీ కలిపిన నీళ్ళు 80 డిగ్రీల దగ్గర పేరుకుంటాయి. 90 దాటిందంటే గుడ్డు బిగుసుకుని నీటిని బయటికి నెట్టేస్తుంది, లోపలి ఆవిరి బుడగలు అలాగే గూళ్ళుగా నిలిచిపోతాయి. జపనీయులు దాన్ని ‘సు’ పట్టిందంటారు. ఇడ్లీ పాత్ర మూత బిగించి పెద్దమంట మీద పెడితే లోపల వంద డిగ్రీలుంటుంది. ఇడ్లీకి అది వరం, దీనికి శాపం.

కొలత ఇది: గుడ్డు ఒక వంతు, దాషి మూడు వంతులు. ముగ్గురికి 2 పెద్ద గుడ్లు (సుమారు 100 మి.లీ.), పూర్తిగా చల్లారిన దాషి 300 మి.లీ., లేతరంగు సోయా సాస్ ఒక టీస్పూను, మిరిన్ (వంటలో వాడే తియ్యటి బియ్యపు మద్యం) ఒక టీస్పూను, ఉప్పు పావు టీస్పూను. గుడ్డుని నురగ వచ్చేలా గిలక్కొట్టకండి. చాప్‌స్టిక్‌లు గిన్నె అడుగుకి ఆనించి అటూ ఇటూ కోసినట్టు కలిపి, సన్నటి జల్లెడలో వడపోయాలి. కప్పుల్లో పోశాక పైన తేలే బుడగలని చెంచాతో తీసెయ్యండి, లేకపోతే అవే గుంటలై కనిపిస్తాయి.

ఇడ్లీ రేకులు తీసేసి, అడుగున ఒక గుడ్డ పరిచి, కప్పులు సగం మునిగేలా వేడినీళ్ళు పొయ్యండి. ఇలా నీళ్ళలోనే కూర్చోబెట్టి ఉడికించడాన్ని జిగొకుముషి, అంటే నరకపు ఆవిరి అంటారు. పేరు చూసి జడుసుకోకండి, ఇంట్లో ఇదే సులువు. మూతకి బట్ట కట్టాలి, చుక్కలు కప్పులో పడకుండా. పెద్దమంట మీద రెండు నిమిషాలు, పైన తెల్లబారగానే సన్నసెగ, మూతకీ పాత్రకీ మధ్య ఒక చాప్‌స్టిక్ అడ్డం, 10 నుంచి 12 నిమిషాలు. పుల్ల గుచ్చితే తేట నీరు రావాలి. మడ్డిగా వస్తే ఇంకా రెండు నిమిషాలు.

అడుగున నీళ్ళకి మంటే కాదు, లోపల వేసే ముక్కలు కూడా కారణం. రొయ్యకీ చికెన్‌కీ కాస్త సోయా సాస్ పట్టించి, ఐదు నిమిషాలయ్యాక తడి తుడిచి వెయ్యండి. పుట్టగొడుగు వేస్తే షీటాకే మంచిది. పచ్చి మైటాకే మాత్రం వద్దు. దానిలో మాంసకృత్తుల్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంది, ఎంతసేపు ఉడికించినా గుడ్డు పేరుకోదు. వెయ్యాలనుంటే విడిగా బాగా ఉడకబెట్టి వెయ్యండి. గింకో గింజలు కప్పుకి ఒకటో రెండో చాలు, చిన్నపిల్లల కప్పుల్లో అసలు వెయ్యకండి. అవి ఎక్కువైతే పిల్లలకి వాంతులు, ఫిట్స్ వస్తాయి.

బజ్జీలబండి

పిండి ఊడటం గురించి. టోఫు తడి పూర్తిగా తియ్యకపోవడం ఒక తప్పు, పిండి ముందే పట్టించి పక్కన పెట్టుకోవడం రెండోది. రెండో తప్పే ఎక్కువమంది చేస్తారు.

కినుగొషి, అంటే మెత్తటి టోఫు, 350 గ్రాముల దిమ్మని కిచెన్ పేపర్ రెండు పొరల్లో చుట్టి, వాలుగా పెట్టిన పళ్ళెంలో 20 నిమిషాలు ఉంచండి. బరువు పెట్టకండి, చితుకుతుంది. గట్టి రకం మొమెన్ అయితే చిన్న పళ్ళెం బరువు పెట్టొచ్చు. నా ఓటు కినుగొషికే. పైన పల్చటి జిగురు పొర, లోపల మీగడలా ఉండటమే ఈ వంట అందం. ఆరు ముక్కలు కోసి, ముక్క ముక్కకీ మళ్ళీ తడి అద్దండి.

పిండి కతకురికో, అంటే బంగాళాదుంప గంజిపొడి. నూనె కాగాకే ముక్కని పిండిలో దొర్లించి, ఎక్కువైంది దులిపి, వెంటనే వేసెయ్యాలి. రెండు నిమిషాలు ఆగితే పిండి తడి పీల్చి బంక అవుతుంది, అదే బాణలికి అంటుకుని తోలులా ఊడొస్తుంది. నూనె 3 సెంటీమీటర్ల లోతు, 170 నుంచి 175 డిగ్రీలు. ఒక వాయికి మూడు ముక్కలే. మొదటి నిమిషం గరిటె పెట్టొద్దు. తర్వాత ఒక్కసారి తిప్పి, మొత్తం మూడు నిమిషాల్లో తీసెయ్యండి.

మన చేతికి అలవాటైన బజ్జీ రంగు కోసం చూస్తే ఇక్కడ దెబ్బ తింటారు. ఈ పిండి శనగపిండిలా ఎర్రబడదు, లేత గడ్డిరంగు దగ్గరే ఆగుతుంది. ఇంకా ఎర్రబడాలని ఉంచితే లోపలి నీరు ఆవిరై పొరని చీల్చుకుని వస్తుంది, నూనె ఎగిరి చేతి మీద పడుతుంది.

పులుసు: కొంబు దాషి 200 మి.లీ., సోయా సాస్ 2 టేబుల్‌స్పూన్లు, మిరిన్ 2 టేబుల్‌స్పూన్లు. మిరిన్‌ని ముందు ఒక నిమిషం మరిగించండి. అసలు మిరిన్‌లో 14 శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది, మరిగిస్తే చాలావరకు పోతుంది గానీ మొత్తం పోదు. వద్దనేవాళ్ళుంటే టేబుల్‌స్పూను మిరిన్‌కి బదులు టీస్పూను పంచదార వేసుకోండి. పులుసుని ముక్కల మీద కుమ్మరించకుండా పక్కనుంచి పొయ్యాలి. పైన తురిమి కాస్త పిండిన దైకోన్ (లావుపాటి జపనీస్ ముల్లంగి), అల్లం తురుము, ఉల్లికాడలు.

ముల్లంగి_పక్షం

శాకాహారులకి ఫురోఫుకి దైకోన్, అంటే మెత్తగా ఉడికించిన ముల్లంగి చక్రాలు, పెట్టండి. చలికాలంలో దైకోన్ తియ్యగా ఉంటుంది, ఇప్పుడు తినకపోతే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. క్యోటోలో సెన్బోన్ షాకదో గుడిలో ఏటా డిసెంబర్ 7, 8 తేదీల్లో పెద్ద పెద్ద గుండిగల్లో దైకోన్ ఉడికించి, వచ్చినవాళ్ళకి వేడివేడిగా పెడతారు.

3 సెంటీమీటర్ల మందం చక్రాలు కొయ్యండి. తొక్క పైపైన కాదు, 3, 4 మిల్లీమీటర్ల మందం చెక్కెయ్యాలి. అడ్డకోతలో తొక్క లోపల ఒక వలయం కనిపిస్తుంది చూడండి, పీచంతా అక్కడే. పదునైన అంచులని చుట్టూ కాస్త చెక్కితే ఉడికేటప్పుడు ఒకదానికొకటి తగిలి విరగవు. ఒకవైపు సగం లోతు దాకా ప్లస్ గుర్తులా గాటు పెట్టండి. వడ్డించేటప్పుడు అది అడుగుకి వెళ్తుంది, కనపడదు.

బియ్యం కడిగిన చిక్కటి నీళ్ళలో, చన్నీళ్ళ నుంచే మొదలుపెట్టి 25, 30 నిమిషాలు ఉడికించండి. ఆ నీళ్ళు చేదునీ ఘాటునీ లాగేస్తాయి, ముక్క తెల్లగా వస్తుంది. నీళ్ళు పారబోసేసి ఉంటే లీటరు నీటికి గుప్పెడు బియ్యం వేసుకోవచ్చు. తర్వాత కడిగి, లీటరు కొంబు దాషిలో అర టీస్పూను ఉప్పుతో సన్నసెగ మీద మరో అరగంట. అందులోనే చల్లారనివ్వండి. చల్లారేటప్పుడు కూడా ఉప్పూ రుచీ లోపలికి దిగుతూ ఉంటాయి. అందుకే ఇది శుక్రవారం రాత్రే చేసి పెట్టుకోవాల్సిన వంట.

మీద పోసే మిసో: తెల్ల మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) 60 గ్రాములు, పంచదార టేబుల్‌స్పూను, మిరిన్ 2, దాషి 2 టేబుల్‌స్పూన్లు. సన్నమంట మీద ఆపకుండా కలుపుతూ దోసెపిండిలా జారేదాకా. దించాక యుజు (జపనీస్ నిమ్మజాతి కాయ) తొక్క తురుము, పసుపు భాగం మాత్రమే. కింది తెలుపు చేదు.

దుకాణంలో ఒకటి చూసుకోండి. మిసో డబ్బా మీద ‘దాషి-ఇరి’ (దాషి కలిపినది) అని ఉంటే అందులో చాలావరకు చేప ఉన్నట్టే. సీసా పొన్జు (పుల్లటి సోయా సాస్), ఓదెన్ (దాషిలో ఉడికించే ముక్కల కూర) పొట్లాల్లో కూడా ‘కత్సువో ఎకిసు’ (చేప సారం) ఉందేమో చదివి కొనండి. కూరగాయల వంట అని బొమ్మ చూసి తెచ్చేస్తే శాకాహారుల ముందు తలవంపులు.

అమీర్‌పేట_వంటిల్లు

హైదరాబాద్‌లో దైకోన్, యుజు, కతకురికో ఏవీ దొరకవండీ. మన ముల్లంగితో అవుతుందా?

ముల్లంగి_పక్షం

అవుతుందండీ. మనది సన్నం, ఘాటెక్కువ. లావుపాటివి ఏరి, 4 సెంటీమీటర్లకి కోసి, బియ్యపు నీళ్ళు మధ్యలో ఒకసారి మార్చండి. లోపల బెండుబారిన ముల్లంగి ఎంత ఉడికించినా దూదే, కోసి చూసి పారెయ్యండి. యుజుకి బదులు దబ్బకాయ తొక్క, కొంచెమే. కార్న్‌ఫ్లోర్‌తో టోఫు వేగుతుంది, కానీ పొర కరకరలాడుతుందే తప్ప పులుసులో జిగురుగా సాగదు.

ఆవిరికుండ

శాకాహారులకి ఇంకోటి, టోఫుతోనే గానీ ఏ కష్టమూ లేనిది: యుదోఫు. మిగిలిన కొంబు నీళ్ళలో చిటికెడు ఉప్పు, టోఫు ముక్కలు, సన్నసెగ. ముక్క కదిలి ఊగడం మొదలవగానే తీసి తినెయ్యాలి. తెర్లిందా, టోఫుకీ ‘సు’ పడుతుంది. సాగా రాష్ట్రంలోని ఉరెషినోలో క్షారగుణమున్న వేడి ఊటనీళ్ళతో చేస్తారు, టోఫు అంచులు కరిగి నీళ్ళు పాలలా మారతాయి. ఇంట్లో లీటరు నీటికి అర టీస్పూను వంటసోడాతో ఆ పోలిక వస్తుంది. అంతకు మించి వేస్తే సబ్బు రుచి.

నిషికసాయి_నుంచి

ధన్యవాదాలండీ అందరికీ. చావన్‌ముషి మధ్యాహ్నమే చేసి తర్వాత మైక్రోవేవ్‌లో వేడి చెయ్యొచ్చా?

ఆవిరికుండ

మైక్రోవేవ్ వద్దండీ, అంచులు ముందు ఉడికి బొక్కలు పడతాయి. కప్పులో పోసేదాకా సిద్ధం చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. అతిథులు చెప్పులు విప్పేటప్పుడు పొయ్యి మీదకి ఎక్కించండి. ఫ్రిజ్ చల్లదనానికి సన్నసెగ మీద మూడు నిమిషాలు ఎక్కువ. రెండో బర్నర్ మీద దైకోన్ వేడవుతూ ఉంటుంది. కప్పులు దించిన బర్నర్ మీదే నూనె పెట్టండి. టోఫు మాత్రం అందరూ కూర్చున్నాకే.